వేదిక మీద ఎవరి పిల్లలు? - వేసవి నాటక శిబిరాల ఎంపికపై కొన్ని ప్రశ్నలు

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూతపడతాయి. జూన్ రెండో వారం దాకా సెలవులు. ఈ నెలన్నర రోజుల్లో హన్మకొండ, వరంగల్, కాజీపేటలలో గోడల మీద, కరెంటు స్తంభాల మీద వేసవి శిబిరాల ప్రకటనలు కనబడతాయి. ఈత, కరాటే, చిత్రలేఖనం, స్పోకెన్ ఇంగ్లీషు, వాటి నడుమ నాటకం. ఈ ప్రకటనలు చదివి పిల్లల్ని పంపేవాళ్ళు ఎవరో, చదివినా పంపలేనివాళ్ళు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మన వాడల్లో చాలామంది పిల్లలకు ఎండాకాలమంటే మిరప కల్లంలో తల్లి పక్కన కూసొని తాలుకాయ ఏరుడు, ములుగు, భూపాలపల్లి దిక్కు తునికాకు కట్టలు కట్టుడు, లేకుంటే తమ్ముణ్ణో చెల్లెనో ఎత్తుకొని ఇంటికాడ ఉండుడు.

అయినా మన వాడల్లో చదువుకొని ఉద్యోగాల్లో కుదురుకున్న కుటుంబాలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. ఆటో నడిపి, ఇళ్ళల్లో పనిచేసి అయినా సరే పిల్లల్ని నలుగురిలో నిలబెట్టాలనుకునే తల్లిదండ్రులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. పరిశోధన పనిమీద వాడల్లో తిరిగేటప్పుడు వాళ్ళు మమ్మల్ని అడుగుతుంటారు: "సారూ, పిల్లను నాటకాల క్యాంపుకు తోలుమంటున్నరు. తోలాల్నా? ఏ క్యాంపు మంచిది?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం. ఫలానా శిబిరం మంచిదని పేరు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఏ శిబిరాన్నయినా ఎట్లా చూడాలి, ఏమేం అడగాలి, ఎందుకు అడగాలి అన్నదే ఇక్కడి విషయం.

శరీరానికి నేర్పిన పాఠం

మా ఇళ్ళల్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మేము. మొదటి తరం విద్యార్థికి పుస్తకంలోని విషయం తెలియకపోవడం అంత పెద్ద ఇబ్బంది కాదు, చదివితే వస్తుంది. తెలిసిన విషయాన్నే నలుగురి ముందు నిలబడి చెప్పలేకపోవడం అసలు ఇబ్బంది. సెమినార్లో గొంతు పెగలదు. వైవాలో చూపు నేలమీదికి పోతుంది. దీన్ని పిరికితనం అనుకుంటారు. కానీ ఇది దొర ముందట తల ఎత్తొద్దు, గొంతు లేపొద్దు, పక్కకు జరిగి నిలబడు అని తరతరాలుగా మన శరీరాలకు నేర్పిన పాఠం. కులం మనిషి ఆలోచనలో ఎంత ఉంటుందో నడుములో, మెడలో, గొంతులో కూడా అంతే ఉంటుంది.

శరీరానికి నేర్పిన పాఠాన్ని ఉపన్యాసాలతో మరిపించలేం. నిటారుగా నిలబడటం, ఎదుటివాళ్ళ కండ్లల్లోకి చూసి మాట్లాడటం, నవ్వునూ కోపాన్నీ దాచుకోకుండా పదిమంది ముందు చూపడం చేస్తేనే వస్తాయి. నాటకం పిల్లలచేత చేయించే పని ఇదే. అందుకే నాటక శిబిరాన్ని తీరికున్నవాళ్ళ సరదాగా మేము చూడటం లేదు. అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. మంచి శిబిరం పాత పాఠాన్ని మరిపిస్తుంది. చెడ్డ శిబిరం దాన్నే రంగులేసి, లైట్లు పెట్టి, చప్పట్ల మధ్య మళ్ళీ వల్లె వేయిస్తుంది. పదేళ్ళ పిల్ల మనసులో అట్లా వేసిన ముద్ర తొందరగా పోదు. ఎంపికలో జాగ్రత్త అవసరమని మేము అంటున్నది ఇందుకే.

నాటకం మనకు కొత్తది కాదు

మన పిల్లల్ని నాటకంలోకి 'తీసుకురావాలి' అని మాట్లాడేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. ఈ నేలమీద నాటకాన్ని బతికించిన చేతుల్లో మన చేతులు ముఖ్యమైనవి. మాదిగల ఆశ్రిత కులమైన చిందువాళ్ళు ఊరూరా తిరిగి యక్షగానం ఆడారు. జాంబపురాణాన్ని ఆటగా కట్టి, భూమి పుట్టకముందే తమ మూలపురుషుడు పుట్టాడని మనువు చెప్పిన వరసకు ఎదురు చెప్పారు. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆ కళలో ఎంతో పేరు పొంది 2005లో కన్నుమూసింది. పాత వరంగల్ జిల్లాలోని దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర మీటుతూ కథ చెప్పే దక్కలివాళ్ళు, బైండ్లవాళ్ళు, మాలదాసర్లు, వీళ్ళంతా కళను మోసినవాళ్ళే.

నాటకాన్ని విముక్తి సాధనంగా వాడుకున్న చరిత్ర కూడా మనకుంది. జోతిరావు ఫూలే 1855లోనే 'తృతీయ రత్న' అనే నాటకం రాశాడు. పురోహితుని చేతిలో మోసపోయిన రైతు దంపతులు చివరికి చదువు దారి పట్టడం అందులోని కథ. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా మన ప్రజలకు తన మాట చేరవేశాడు. బోయి భీమన్న 'పాలేరు' నాటకం జీతగాడి పిల్లవాడు చదువుకోవాలన్న కోరికను ఊళ్ళల్లో రగిలించింది.

ఇంత చరిత్ర ఉన్నవాళ్ళ పిల్లలు ఇవాళ నాటక శిబిరం గుమ్మం దగ్గర కొత్తవాళ్ళుగా నిలబడవలసి వస్తోంది. కళ మనదే, వేదిక మాత్రం మనది కాకుండా పోయింది. వేదికకు అద్దె, శిబిరానికి ఫీజు, శిక్షకునికి సర్టిఫికెట్టు వచ్చాయి. చిందు కళాకారునికి ఇవేవీ లేవు.

'కలుపుకోవడం' అంటే ఏమిటి?

"మాది అందరినీ కలుపుకొనే శిబిరం" అని ఇప్పుడు చాలామంది నిర్వాహకులు అంటున్నారు. 'ఇన్‌క్లూజివ్' అన్న మాట కరపత్రాల్లో కూడా కనిపిస్తోంది. మంచిదే. కానీ ఎవరు ఎవర్ని కలుపుకుంటున్నారు? కలుపుకునేవాడు ఇంటి యజమాని, కలిసేవాడు చుట్టం అయినంతకాలం ఆ చుట్టరికం యజమాని దయమీద నడుస్తుంది.

ప్రవేశం వేరు, పాల్గొనడం వేరు. ప్రవేశం సంగతి చట్టం ఎప్పుడో తేల్చింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణంలోని రెండో భాగం కులం, మతం, లింగం పేరుతో ఎవర్నీ సార్వజనిక వినోద స్థలాల్లోకి రాకుండా ఆపరాదంది. అయినా 1991లో చుండూరులో ఏం జరిగింది? సినిమా హాల్లో ఒక దళిత యువకుని కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకునికి తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యదాకా పోయింది. ఆ యువకునికి హాల్లో ప్రవేశం ఉంది, టికెట్టు ఉంది, సీటు ఉంది. సమానంగా కూర్చునే హక్కును మాత్రం ఊరు ఒప్పుకోలేదు. వినోద స్థలంలో ఎవరు ఎట్లా కూర్చోవాలి అన్నది మనకు ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

వికలాంగుల విషయంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ తేడాను కొంత స్పష్టంగా చెప్పింది. ఆ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి నేర్చుకోవాలని, బోధనా పద్ధతే వాళ్ళకు తగినట్టు మారాలని అంటుంది. సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును 29వ సెక్షన్‌లో చేర్చింది. ఇందులో కీలకం పద్ధతి మారాలనడం. పిల్ల మారి శిబిరానికి సరిపోవడం కాదు, శిబిరం మారి పిల్లకు సరిపోవాలి. ఈ సూత్రాన్ని కులానికి, భాషకు, పేదరికానికి కూడా అన్వయించి చూడాలన్నది మా వాదన.

పాత్రల పంపకం

శిబిరం అసలు రంగు పాత్రలు పంచేటప్పుడు బయటపడుతుంది. నల్లగా ఉన్నవాడు రాక్షసుడు. ఎర్రగా ఉన్న పిల్ల యువరాణి. భాష 'శుద్ధంగా' పలికేవాడు రాజు, మంత్రి. మిగిలినవాళ్ళు భటులు, చెట్లు, గుంపు. చీపురు పట్టుకునే పాత్ర ఎవరికిస్తున్నారు? తాగుబోతు పాత్ర ఎవరికి? నవ్వించడానికి పెట్టిన పనిమనిషి ఏ యాసలో మాట్లాడుతుంది? నిర్వాహకులను అడిగితే "మేము కులం చూడం, ముఖానికి తగ్గ పాత్ర ఇస్తాం" అంటారు. ముఖానికి తగ్గ పాత్ర అనే ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం అడగరు.

ఇంకో రకం కూడా ఉంది. మన పిల్లగాడు అని తెలియగానే డప్పు చేతికిచ్చి "నీకు రక్తంలోనే ఉంటది" అనడం. డప్పు మన గౌరవ చిహ్నమే, సందేహం లేదు. అయితే డప్పు నేర్చుకుంటే శిబిరంలోని పిల్లలందరూ నేర్చుకోవాలి. మన పిల్లగాడు డప్పుతోపాటు రాజు పాత్రా వేయాలి, నాటకం రాయాలి, నడిపించాలి. ఒక్క డప్పుకే పరిమితం చేస్తే అది కులవృత్తిని మెచ్చుకోలు పేరుతో మళ్ళీ అంటగట్టడం అవుతుంది.

ఏ నాటకం వేస్తారన్నది కూడా చూడాలి. వరంగల్‌లో చరిత్ర నాటకమంటే వెంటనే కాకతీయులు, రాణి రుద్రమ గుర్తుకొస్తారు. వేయనీయండి. కాని అదే కాకతీయ సైన్యాన్ని ఎదిరించి పోరాడారని మేడారం జాతరలో కోయలు కొలిచే సమ్మక్క, సారలమ్మల కథ కూడా ఈ గడ్డదే. పాలకుర్తి చాకలి ఐలమ్మ ఈ గడ్డదే. 1946 జులై 4న కడవెండిలో తుపాకి గుండుకు బలైన దొడ్డి కొమరయ్య ఈ గడ్డవాడే. కోట లోపలి కథ ఒక్కటే చెప్పే శిబిరంలో కోట బయటివాళ్ళ పిల్లలు భటులుగానే మిగిలిపోతారు.

భాష సంగతి మరీ ముఖ్యం. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మరి శిబిరంలో పిల్ల "నేను బోత" అంటే "'వెళ్తాను' అనాలి" అని సరిదిద్దుతున్నారా? వీరునికి ఒక భాష, విదూషకునికి మన భాష పెడుతున్నారా? లంబాడి తండానుంచి వచ్చిన పిల్లకు ఇంట్లో గోర్ బోలి. కోయ పిల్లకు కోయ భాష. తన భాషలో ఒక్క సన్నివేశమైనా చేసే వీలున్న శిబిరంలో ఆ పిల్ల గొంతు విప్పుతుంది. తప్పులు దిద్దించుకోవడంతోనే రోజు గడిచిపోతే మూడోరోజు నుంచి రాదు. "పిల్లకు ఆసక్తి లేదు" అని నిర్వాహకులు రాసుకుంటారు.

చేర్చేముందు అడగవలసినవి

తల్లిదండ్రులు నిర్వాహకులను నిలబెట్టి అడగవచ్చు. అడగడం మన హక్కు. చదువుకోని తల్లయినా అడగగలిగే ప్రశ్నలే ఇవి.

మొదటిది, ఖర్చు. ప్రకటించిన ఫీజు ఒకటే చూడొద్దు. చివరి ప్రదర్శనకు దుస్తులు, మేకప్పు, ఫొటోలు, ప్రయాణం ఎవరు భరిస్తారు? సగం దారిలో "డ్రెస్సుకు ఇంత తీసుకరా" అంటే తేలేని పిల్ల ఆగిపోతుంది. ఫీజు మాఫీ ఉంటే అది ఎట్లా ఇస్తారు? అందరిముందు పేరు చదివి ఇచ్చే మాఫీ అవమానమే.

రెండోది, వేళ. మే నెలలో వరంగల్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దున పెట్టి పదిన్నర, పదకొండు లోపల విడిచిపెడితే నడిచి వచ్చే పిల్లలు, బస్సు దిగి వచ్చే పిల్లలు చేరగలుగుతారు. నడి మధ్యాహ్నం విడిచే శిబిరం కారున్న ఇంటి పిల్లల కోసం పెట్టినట్టే.

మూడోది, నీళ్ళు, తిండి. పిల్లలంతా ఒక్క కుండలో, ఒక్క గ్లాసుతో తాగుతున్నారా? కలిసి కూర్చొని తింటున్నారా? "మాంసం తేవొద్దు, గుడ్డు తేవొద్దు" అనే నియమం ఉందా? ఉంటే ఎవరి వంటింటి నియమాన్ని అందరిమీద రుద్దుతున్నారో తేలిపోతుంది.

నాలుగోది, ఫారం. దరఖాస్తులో కులం గడి ఎందుకు? ఫీజు రాయితీకైతే అది ఆఫీసు కాగితంలోనే ఉండాలి. పిల్లల హాజరు పట్టీలోకి, శిక్షకుల నోటిలోకి రాకూడదు. ఇంటిపేరుతో పిలవడం వద్దనండి. మన దగ్గర ఇంటిపేరే సగం కులం చెప్పేస్తుంది.

ఐదోది, ఆడపిల్లల భద్రత. దుస్తులు మార్చుకునే గది వేరుగా ఉందా, మరుగుదొడ్డికి గడియ ఉందా, మహిళా శిక్షకులు ఉన్నారా? నాటకంలో శరీరాన్ని తాకవలసిన సందర్భాలుంటాయి. తాకేముందు పిల్లను అడుగుతారా? లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణగా 2012లో వచ్చిన పోక్సో చట్టం గురించి శిక్షకులకు తెలుసా? ఈ ప్రశ్నకు చిరాకుపడే నిర్వాహకుని దగ్గర పిల్లను విడవకండి.

ఆరోది, వికలాంగ పిల్లలు. "తీసుకుంటాం" అంటే సరిపోదు, ఎట్లా చేయిస్తారో చెప్పాలి. చక్రాల కుర్చీ వేదిక మీదికి ఎక్కడానికి వాలుదారి ఉందా? చూపు లేని పిల్లకు సంభాషణలు ముందే రికార్డు చేసి ఇస్తారా? వేదిక కొలతలు అడుగులు వేయించి చూపిస్తారా? వినికిడి లేని పిల్లవాడికి సైగల భాష తెలిసినవాళ్ళున్నారా? రోజూ చేసేది ముందే తెలియకపోతే కలవరపడే పిల్లలకు ఆనాటి పని వరసను పొద్దున్నే బొమ్మలతో చూపిస్తారా? అలిసిపోతే కూర్చునే నిశ్శబ్దమైన మూల ఒకటి ఉందా? వీటిలో చాలావాటికి డబ్బు కంటే ఆలోచన ఎక్కువ కావాలి. మన వాడల్లోని వికలాంగ పిల్లల మీద కులం, పేదరికం, వైకల్యం మూడూ కలిసి పనిచేస్తాయి. ఎవరూ పిలవని పిల్లలు వాళ్ళే.

ఏడోది, పద్ధతి. మొదటిరోజే స్క్రిప్టు చేతికిచ్చి కంఠస్థం చేయించే శిబిరం ఒకటి. మొదటి వారమంతా ఆటలు ఆడించి, చూసినవి చెప్పించి, పిల్లల మాటల్లోంచే నాటకం అల్లే శిబిరం ఇంకోటి. మొదటిదాంట్లో బాగా చదివే పిల్లలకే లాభం. రెండోదాంట్లో చదువు రాని పిల్ల దగ్గర కూడా చెప్పడానికి కథ ఉంటుంది. ముఖ్య పాత్రను ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి వేసే పద్ధతి ఉంటే మరీ మంచిది.

వీలైతే ఒక పూట పోయి కూర్చొని చూడండి. ఆ పూటంతా ఎవరి పేర్లు పిలిచారు, ఎవర్ని పిలవలేదు అన్నది లెక్కపెడితే కరపత్రం చెప్పనిది తెలిసిపోతుంది.

ఇతర చోట్ల ఏం చేస్తున్నారు

ఇదంతా కోరదగ్గదే గాని సాధ్యమా అనేవాళ్ళున్నారు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ రంగాయణ మైసూరులో బి.వి. కారంత్ నాయకత్వాన 1989లో మొదలైంది. అక్కడ ఎండాకాలంలో జరిగే 'చిన్నర మేళ'లో వందలాది పిల్లలు వారాల తరబడి పాటలు, బొమ్మలు, నాటకాలు నేర్చుకొని చివర్లో ప్రదర్శిస్తారు. ప్రభుత్వం పూనుకుంటే పిల్లల నాటకం ఎంత పెద్ద ఎత్తున నడుస్తుందో చెప్పడానికి అదొక సాక్ష్యం. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1989లోనే పిల్లల కోసం ప్రత్యేక విభాగం పెట్టి వేసవి శిబిరాలు నడుపుతూ వచ్చింది.

మనకు ఇంకా దగ్గరగా అనిపించేది అహ్మదాబాదులోని బుధన్ థియేటర్. బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతిగా ముద్రవేసిన ఛారా సమాజం వాళ్ళు 1998లో దాన్ని మొదలుపెట్టారు. బెంగాల్‌లో పోలీసు హింసకు చనిపోయిన బుధన్ శబర్ పేరు దానికి పెట్టుకున్నారు. వాళ్ళెవరూ తమను కలుపుకొమ్మని ఎవరినీ అడగలేదు, తమ వాడలోనే వేదిక కట్టుకున్నారు. బ్రెజిల్ దేశపు అగస్టో బోల్ రూపొందించిన ఫోరం నాటక పద్ధతిని బెంగాల్‌లో 1985లో ఏర్పడిన జన సంస్కృతి బృందం పల్లెల్లో పాతుకొనేట్టు చేసింది. అందులో అన్యాయం జరిగే సన్నివేశం ఆడి, చూసేవాళ్ళలో ఎవరైనా లేచి వచ్చి పాత్ర స్థానంలో నిలబడి కథను మార్చమంటారు. బడిలో వేరుగా కూర్చోబెట్టిన పిల్ల కథను ఆడితే, దాన్ని మార్చడానికి లేచే మొదటి చెయ్యి ఆ పిల్లదే కావచ్చు.

మన ఇంటి లోపల కూడా

మన అంబేద్కర్ భవనాల్లో, సంఘం హాళ్ళల్లో మనమే శిబిరాలు పెట్టుకోవాలని మేము గట్టిగా అనుకుంటున్నాం. అప్పుడు పైన చెప్పిన ప్రశ్నలన్నీ మనకూ వర్తిస్తాయి. షెడ్యూల్డు కులాలంటే ఒక్కటి కాదు. తెలంగాణలో 59 ఉపకులాలున్నాయి. 2025 ఏప్రిల్ 14 నుంచి అవి మూడు గ్రూపులుగా వర్గీకరించబడ్డాయి. దక్కలి, బేడ బుడగ జంగం వంటి కులాలు అందరికంటే వెనకబడ్డవిగా మొదటి గ్రూపులో ఉన్నాయి. మాదిగవాడకు కూడా ఎడంగా గుడిసె వేసుకొని బతికిన దక్కలి ఇంటి పిల్ల మన శిబిరానికి వస్తుందా? వస్తే మన పిల్లలు పక్కన కూర్చోబెట్టుకుంటారా? అగ్రకులాల శిబిరాన్ని అడిగిన ప్రశ్న మనల్ని మనం అడగకపోతే మన శిబిరం కూడా ఇంకో మెట్టే అవుతుంది.

శిక్షకులు దొరకరన్న భయం అక్కర్లేదు. చిందు కళాకారులు మన జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్ళను చివరిరోజు శాలువా కప్పడానికి కాకుండా మొదటిరోజు నుంచి గురువులుగా, జీతం ఇచ్చి పిలవాలి. జానపద కళల మీద పనిచేసే తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞానపీఠం వరంగల్‌లోనే ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో 'సమ్మర్ సమురాయ్' పేరుతో వేసవి శిబిరాలు నడిపిన అనుభవం ఉంది. హన్మకొండలో 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం, పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ పేరిట ఉన్న ప్రాంగణం ప్రజల సొమ్ముతో కట్టినవి. ఆ సొమ్ములో తాలుకాయ ఏరే తల్లి చెమట కూడా ఉంది. ఎండాకాలం పొద్దటిపూట వాటిని వాడల పిల్లల నాటక శిబిరాలకు ఉచితంగా ఇవ్వాలని, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ నిధుల నుంచి ఖర్చు పెట్టాలని కలెక్టర్లకు అర్జీలు పెట్టుకోవాలి. పిల్లల ఆట, కళ వాళ్ళ హక్కని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారత ప్రభుత్వం 1992లోనే ఆమోదించింది. అర్జీలో ఆ మాట రాయడానికి వెనకాడనక్కర్లేదు.

అర్జీ కదిలేదాకా పిల్లల బాల్యం ఆగదు. కనుక ఈ ఎండాకాలానికి ఉన్న శిబిరాల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఒంటరిగా ఒక్క పిల్లను పంపకండి. వాడనుంచి నలుగురైదుగురిని కలిపి పంపండి. ఒకరికొకరు తోడుంటారు, నిర్వాహకులు కూడా జాగ్రత్తగా ఉంటారు. సాయంత్రం "ఏం నేర్చుకున్నవు బిడ్డా" అని అడిగి ఊరుకోకుండా "ఇయ్యాల ఎవరి పక్కన కూసున్నవు? నీకేం పాత్ర ఇచ్చిండ్రు? నువ్వేం మాట్లాడినవు?" అని అడగండి. జవాబు బాగుంటే మళ్ళీ పంపండి. బాగుండకపోతే మరుసటి రోజు మీరే వెంట పోయి ఆ ప్రశ్నలు నిర్వాహకులను అడగండి.